వియ్యపురాలి బండిలో మల్లెదండ

మా వియ్యపురాలికీ నాకూ పడదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే చివర్లో మేమిద్దరం ఒకరి భుజం మీద ఒకరం వాలిపోయి ఏడుస్తామని కొందరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఆవిడ థాయ్‌లాండ్‌లో ఒక పల్లెలో ఉంటుంది, నేను అరిజోనాలో, చాండ్లర్‌లో ఉంటాను. మధ్యలో అంత సముద్రం ఉండబట్టే ఇద్దరం క్షేమంగా ఉన్నాం.

మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. కోడలు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన థాయ్ అమ్మాయి, ఇప్పుడు ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్లి వాళ్లే చేసుకున్నారు, మేము వెళ్లి అక్షింతలు వేసి వచ్చాం. పాప పుట్టింది. డేకేర్‌లో వేస్తే నెలకో జ్వరం, చెవిపోటు. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు. పాపకి రెండేళ్లు వచ్చేదాకా ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర ఉంచాలని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. ఆ పెద్దవాళ్లు ఎవరన్నదే తగువు.

నన్నడిగితే అందులో అనుకోవడానికేమీ లేదు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య రెండు సిగ్నళ్లు. నేను రిటైరయ్యాను, కారు నడుపుతాను, పాప ఏ ఏడుపు దేనికి ఏడుస్తుందో నాకు తెలుసు. పసిపిల్లల్ని ఇండియాలో అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చిన తెలుగు జంటల్ని చాలామందిని చూశాను. ఆ పిల్లల్లో తిరిగొచ్చాక తల్లిని చూసి ఆంటీ అన్నవాళ్లూ ఉన్నారు. ఇంత దగ్గర నానమ్మని పెట్టుకుని, పాపని తీసుకెళ్లి భాష రాని పల్లెలో పెట్టడమేమిటి? పాపకి ఏ భాషా రాదు కదా అని మా ఆయన అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే, నా పక్కన కూర్చుని ఎదుటివాళ్ల తరఫున మాట్లాడతారు.

అసలు కారణం వేరే ఉంది. పాప నా చేతిలో పెరగడం కోడలికి ఇష్టం లేదు. నేను ప్రతిదానికీ వంక పెడతానని మా అబ్బాయితో అన్నదట. ఆమె మనసులో ఉన్నది ఆ వరలక్ష్మీ వ్రతం. పెళ్లయిన మొదటి ఏడాది మా ఇంట్లో వ్రతానికి, ఇండియన్ స్టోర్‌లో పూలు తెమ్మని కోడల్ని పంపాను. కవరు నిండా మల్లెలూ చామంతులూ తెచ్చింది. వాకిట్లోనే ఒక మల్లెపువ్వు తీసి, కళ్లు మూసుకుని, కమ్మగా వాసన చూసింది. వాసన చూసిన పూలు అమ్మవారికి పెట్టకూడదు. నేను ఆ కవరు మొత్తం తీసుకెళ్లి గరాజ్‌లో చెత్తబుట్టలో పడేసి, మళ్లీ తెమ్మని మా ఆయన్ని పంపాను. పేరంటానికి వచ్చినవాళ్లు అప్పటికే నలుగురైదుగురు సోఫాలో ఉన్నారు. కోడలు గోడ పక్కన నిలబడి అంతా చూసింది, ఒక్క మాట అనలేదు. ఆచారం ఆచారమే, అందులో మొహమాటం ఏముంది? ఇప్పుడైనా అంతే చేస్తాను.

సరే, క్రిస్మస్ సెలవుల్లో అందరం కలిసి వాళ్ల ఊరు వెళ్దామన్నారు. అక్కడి ఇల్లూ వాకిలీ చూశాక, తిరిగి విమానం ఎక్కేలోపు ఏ సంగతో తేల్చుకుందామన్నారు. మా ఆయన నడుం నొప్పి వంకన ఇంట్లో ఉండిపోయారు. పాపకి తిరుగు టికెట్టు కూడా తీసుకున్నారు కాబట్టి పైచేయి నాదేననుకుని బయలుదేరాను.

ఆ పల్లెలో ఉన్న రోజులన్నీ నేను లాయరులా సాక్ష్యాలు పోగుచేశాను. వాకిట్లో కుక్కలు మూడు. వంటింట్లో పులియబెట్టిన చేపల నీళ్ల వాసన. పాపని నేల మీదే, చాప మీద వదిలేస్తారు. మా వియ్యపురాలు జిగురన్నం ఉండ చేసి, ఊది, ఆ చేత్తోనే పాప నోట్లో పెట్టేది. అన్నప్రాశన రోజు గుడిలో మా పూజారిగారి ముందు నేను పెట్టిన పరమాన్నాన్ని ఉమ్మేసిన పిల్ల, ఆ జిగురన్నాన్ని చేతులు చాపి మరీ తినేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

తిరుగు ప్రయాణం రోజు తెల్లవారకముందే లేచి వాళ్ల వంటింట్లో పులిహోర కలిపాను. అక్కడి నుంచి బ్యాంకాక్ విమానాశ్రయానికి రోజంతా రోడ్డు ప్రయాణం. డ్రైవరు ఎవరనుకున్నారు, మా వియ్యపురాలే. నా వయసే ఆవిడది. మొగుడు పోయాక కూరగాయల వ్యాపారం చేసి, పికప్ ట్రక్కు తనే నడుపుకుంటూ కూతుర్ని చదివించింది. రబ్బరు చెప్పులతో నడుపుతుంది. ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టారు, పెద్దదాన్నని. వెనక మా అబ్బాయి, కోడలు, మధ్యలో బెల్టులు బిగించిన చైల్డ్ సీట్లో పాప. సామానంతా వెనక తొట్టిలో, టార్పాలిన్ కింద. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. ఏ మాటైనా కోడలి మీదుగా వెళ్లి రావాల్సిందే. అందువల్ల పోట్లాట కూడా సరిగ్గా పెట్టుకోలేం.

అక్కడ బళ్లు ఇండియాలోలాగా రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి. ముప్ఫయ్యేళ్లు అమెరికాలో కుడివైపు నడిపిన నా కాలు, ఎదురుగా లారీ కనపడ్డప్పుడల్లా లేని బ్రేకు తొక్కేది. రోడ్డుకి రెండు పక్కలా కోతలైపోయిన వరి పొలాలు, మధ్య మధ్య చెరుకు తోటలు, నీలగిరి చెట్ల వరసలు. చెరుకు లారీలు అంతెత్తు మోపులతో ఊగుతూ పోతున్నాయి. ఊరొచ్చినప్పుడల్లా రోడ్డు పక్కన కోడిని చీల్చి, కర్రల మధ్య బిగించి కాలుస్తున్న పొగ. చూడటానికి మా కృష్ణా జిల్లాలాగే ఉంది, నాకు నచ్చినట్టు ఒప్పుకోవడమే ఇష్టం లేదు.

ఒక పెద్ద ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగాం. ఎండకి మొహానికి గుడ్డ కట్టుకున్న ఒకామె, కర్రకి పూలదండలు వేలాడదీసుకుని బళ్ల మధ్య తిరుగుతోంది. మా వియ్యపురాలు అద్దం దించి, బేరమాడి ఒకటి కొంది. మల్లెమొగ్గలు దగ్గరగా గుచ్చి, రిబ్బనుతో గుండ్రంగా కట్టి, కింద గులాబీల కుచ్చు వేలాడదీశారు. బండంతా ఘుమఘుమలాడింది. డిసెంబరులో మల్లెలు. చాండ్లర్‌లో నా పెరట్లో కుండీలో మల్లెచెట్టు ఉంది, అది వేసవి మొదట్లో పూస్తే పూసినట్టు. మిగతా కాలమంతా స్టోరు ఫ్రిజ్‌లో నల్లబడిన మూరే గతి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మన వైపు ఇంటికొచ్చిన ముత్తైదువ వెళ్తుంటే బొట్టు పెట్టి, పూలిచ్చి పంపుతారు. అందులోనూ నేను ఆవిడ కూతురికి అత్తగారిని. పూలు కొన్నది నా కోసమేననుకుని కొంచెం మెత్తబడ్డాను కూడా. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. ఆ దండని తీసుకెళ్లి ఎదురుగా, వెనక బళ్లు చూసుకునే అద్దానికి తగిలించి, గేరు వేసి బండి కదిలించింది.

వాసన కోసం తగిలించిందనుకున్నాను. ఇక్కడ మనం కార్లలో కాగితపు చెట్టుబొమ్మ తగిలించమూ, అలాగన్నమాట. ఆడది పక్కన కూర్చుని ఉంటే, మల్లెపూలు కొని అద్దానికి పెట్టుకునే జాతి ఎక్కడైనా ఉంటుందా? రెండు గంటలు ఆ దండ నా మొహం ముందు ఊగుతూనే ఉంది.

పెట్రోలు బంకు దగ్గర ఆపారు. అందరూ దిగారు. పాపకి డైపర్ మార్చాలని కోడలు తీసుకెళ్లింది, అబ్బాయి వెంట వెళ్లాడు, వియ్యపురాలు కాఫీ కొట్టు వైపు నడిచింది. నేను దిగలేదు. బంకు మూలన స్తంభం మీద బొమ్మరిల్లంత చిన్న గుడి, దాని ముందు ఎవరో స్ట్రా వేసి పెట్టిన ఎర్రసోడా సీసాలు. వాటిని చూస్తూ కూర్చున్నాను. ఇంజను ఆపడంతో బండి లోపల మల్లెల వాసన చిక్కబడింది. చెయ్యి చాపి దండ తీశాను. గులాబీ కుచ్చుని లోపలికి మడిచి నా జుట్టు ముడి చుట్టూ వేసుకుంటే, కొలత తీసి కట్టినట్టు సరిపోయింది. అదే అద్దంలో మొహం చూసుకున్నాను. చాలా రోజుల తర్వాత నాకు నేను బాగున్నాననిపించింది.

ముందుగా వచ్చింది మా వియ్యపురాలే. నా కోసం కూడా ఐసు కాఫీ తెచ్చి చేతిలో పెట్టింది. ఎక్కి కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ జోడించి పైకి చూసింది. అద్దానికి ఏమీ లేదు. జారిపడిందనుకుందేమో, డాష్‌బోర్డు మీద చూసింది, పెడల్స్ దగ్గర వంగి చేత్తో తడిమింది, సీటు కింద వెతికింది. పాపం ఏం పోగొట్టుకుందోనని నేను కూడా నా కాళ్ల దగ్గర వంగి చూశాను. నేను తల పైకెత్తేసరికి ఆవిడ నా ముడిని చూస్తోంది.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది, అరుపుకి అరుపు నా దగ్గర ఉంది. స్టీరింగు మీద నుంచి చేతులు తీసేసి, ఒళ్లో పెట్టుకుని, కూతురు వచ్చేదాకా అలాగే కూర్చుంది. కోడలు వచ్చి పాపని సీట్లో కూర్చోబెడుతూ నా తల చూసి ఆగిపోయింది. తల్లీ కూతుళ్లు తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు. తర్వాత మా అబ్బాయికి ఇంగ్లీషులో చెప్పింది. వాడు ముందుకి వంగాడు.

"అమ్మా, అది గాడ్‌కి పెట్టిన ఫ్లవర్స్. వీళ్ల కార్‌లో గాడెస్ ఉంటుంది, మనల్ని సేఫ్‌గా తీసుకెళ్తుంది అని. నువ్వు సారీ చెప్పు."

నాకు గుండె ఝల్లుమన్న మాట నిజమే. కానీ ఎనిమిది కళ్లు నా ముడి మీదే ఉన్నప్పుడు ఆ సంగతి ఎలా బయటపెట్టను? తెలియక చేసినదానికి సారీ ఏమిట్రా అన్నాను. దేవుడి పూలైతే ముందే చెప్పాల్సిందన్నాను. మనం కొత్త కారు కొన్నప్పుడు గుడి పార్కింగ్‌లో పూజ చేయించి, బంపర్‌కి నిమ్మకాయలు కట్టాం కదా, వాటిని ఎవరైనా కోసుకుని నిమ్మరసం తాగితే నువ్వు ఊరుకుంటావా అని వాడు అడిగాడు. దేవుడి పూలు ఎవరైనా సిగ్నల్ దగ్గర బేరమాడి కొంటారా అని నేనన్నాను. మన గుడి ముందు పూలు కూడా బేరమాడే కొంటామని నాకు అప్పుడే గుర్తొచ్చింది, నోరు మూసుకున్నాను.

దండ మాత్రం తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ ఖాళీ అద్దానికే దణ్ణం పెట్టి, పెదవులు కదుపుతూ చాలాసేపు ఏదో చెప్పుకుని బండి తీసింది. ఏం చెప్పుకుందో ఎవరూ నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత బండిలో పాప ఊ ఊ అనడం తప్ప ఇంకో మాట లేదు. మధ్యాహ్నం పులిహోర డబ్బా తీసి వెనక్కి ఇచ్చాను. అబ్బాయి రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. కోడలు ఆకలి లేదంది. మా వియ్యపురాలు బండి పక్కకి ఆపి, ఆకులో పులిహోర పెట్టించుకుని, పైన ఎండుచేప ముక్క ఒకటి వేసుకుని, శుభ్రంగా తిని, బాగుందన్నట్టు నాకు తల ఊపింది. నా పులిహోర మీద ఎండుచేప. పూలకి బదులు తీర్చుకుందని అనుకున్నాను.

దారిలో తగిలే ఖోరాట్ అనే పెద్ద ఊరు ఇంకా రాలేదు. ముందు ఒక చెరుకు లారీ పోతోంది. రోడ్డు మీద గుంట వచ్చింది, లారీ కుదిపింది, పై నుంచి ఒక మోపు తాడు తెంపుకుని మా ముందు పడింది. గడలు రోడ్డంతా చెల్లాచెదురుగా దొర్లాయి. ఆవిడ బ్రేకు తొక్కి, బండిని ఎడమవైపు మట్టిలోకి తిప్పింది. నా చేతిలో ఐసు కరిగిపోయిన కాఫీ ఒళ్లంతా పడింది. బండి ఆగింది. వెనక పాప గుక్కపట్టి ఏడ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, బండికి గీతైనా పడలేదు. ఆవిడ ముందు వెనక్కి తిరిగి పాపని చూసింది, తర్వాత కూతుర్ని చూసింది. ఆ తర్వాత, ఒక్క క్షణమే, నా ముడి వైపు చూసింది.

నాకు భయం వేసింది. ఇన్నేళ్లు అమెరికాలో ఉన్నాను, కంప్యూటర్లతో పనిచేశాను, అదీ ఇదీ అని ఎన్ని చెప్పుకున్నా భయం భయమే. పాప వెనక సీట్లో ఉండగా అమ్మవారి పూలు నా తల మీద ఉన్నాయి. గబగబా దండ తీసి, మళ్లీ ఆ అద్దానికి తగిలించబోయాను.

"వద్దు" అంది వెనక నుంచి కోడలు. తెలుగులోనే అంది. తర్వాత ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా, "తలలో పెట్టుకున్నవీ వాసన చూసినవీ దేవుడికి పనికిరావని నాకు నేర్పింది మీరే కదా" అంది.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇంక పెట్టడానికి లేదు, పారేయడానికీ లేదు. ఆమె పాప వీపు రాస్తూనే ఇంకో మాట అంది.

"మీ ఇంట్లో నేను ఒక్క పువ్వు వాసన చూశాను. మీరు అన్నీ తీసుకెళ్లి చెత్తలో వేశారు. మా అమ్మ మిమ్మల్ని బండిలోంచి దింపెయ్యలేదు."

మా అబ్బాయి కిటికీలోంచి బయటికి చూశాడు. కోడలి మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. అదను చూసి కొట్టింది. ఆమాత్రం గుర్తుపెట్టుకుని దాచుకునే మనిషిని నేను ఇన్నాళ్లూ నోట్లో నాలుక లేని పిల్లనుకున్నాను. దండని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. మొగ్గలు చేతికి చల్లగా తగులుతున్నాయి.

ఖోరాట్ దాటాక రోడ్డు కొండల్లోకి ఎక్కింది. ఒక పక్క పెద్ద జలాశయం, ఇంకో పక్క మలుపు దగ్గర ఒక గుడి. దాని ముందు నుంచి పోయే ప్రతి బండీ హారను కొడుతోంది, నమస్కారం పెట్టినట్టు. ఆవిడ హారను కొట్టి ఊరుకోలేదు, ఆపి దిగింది. కోడలు దిగింది, పాపనెత్తుకుని అబ్బాయి దిగాడు. ఆవిడ బండి చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరికి వచ్చి, తెరిచి, రమ్మని చెయ్యి చూపింది.

ఇప్పుడు అనుకుంటే తెలుస్తోంది, ఆ ఒక్కసారి దిగి ఉంటే సరిపోయేది. భాష కూడా అక్కర్లేదు, రెండు చేతులు జోడిస్తే చాలు. నేను నొప్పన్నట్టు మోకాళ్లు చూపించాను. గుడికి మెట్లు ఉన్నాయి. ఎన్నో లేవు. ఆవిడ కాసేపు నిలబడింది. నేను జలాశయం వైపు చూస్తూ కూర్చున్నాను. తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది.

లోపల అగరొత్తులు వెలిగించడం, పాప రెండు చేతులూ పట్టుకుని మా అబ్బాయి దణ్ణం పెట్టించడం కిటికీలోంచి కనపడ్డాయి. నా కొడుకు, నా మనవరాలు. నేను బండిలో. తిరిగొచ్చేటప్పుడు మా వియ్యపురాలి చేతిలో రెండు దండలున్నాయి. ఒకటి అద్దానికి తగిలించి దణ్ణం పెట్టుకుంది. రెండోది నా ఒళ్లో పెట్టింది. పూజ అయ్యేలోపు ప్రసాదం మీద చెయ్యి వేయకుండా పిల్లల చేతిలో బిస్కెట్టు పెడతామే, అలా పెట్టిందని నాకు అనిపించింది. వెనక ముగ్గురూ చూస్తున్నారు. తలలో పెట్టుకోమన్నట్టు ఆవిడ తన జుట్టు తాకి చూపించింది. నేను ఆ దండనీ పాత దండనీ కలిపి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగేశాను. ఆవిడ ఇంక నా వైపు చూడలేదు.

బ్యాంకాక్ చేరేసరికి పొద్దు వాలుతోంది. విమానాశ్రయం ముందు బండి ఆపి అందరం దిగాం. అబ్బాయి టార్పాలిన్ విప్పి సామాను దించాడు. నా సూట్‌కేసు వచ్చింది, వాళ్లవి వచ్చాయి, చింతపండు అట్టపెట్టె వచ్చింది. పాప పసుపుపచ్చ బ్యాగు తొట్టిలోనే ఉంది. మర్చిపోయావురా అని నేనే చూపించాను. వాడు తాడు మళ్లీ కట్టేస్తున్నాడు.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. కోడలు పాపని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది, ఏడుస్తోంది, కానీ బ్యాగు వైపు చూడటం లేదు. పాపకి టికెట్టు ఉంది కదరా అన్నాను. వాడు తాడు ముడి బిగించాడు. ఆ పూల వల్లేనా అని అడిగాను. రోడ్డు మీద అందరూ చూస్తున్నారని కూడా నాకు తోచలేదు, వాడి చొక్కా పట్టుకుని అడిగాను.

"పూలు కాదు అమ్మా" అన్నాడు. "నువ్వు సారీ చెప్తావ్ అని వెయిట్ చేశాను. ఆ టెంపుల్ దగ్గర కూడా. ఒక్కసారి చెప్తావ్ అనుకున్నాను."

పెంచి పెద్దచేసిన కొడుకు, నన్ను పరీక్షకి కూర్చోబెట్టి, ఆ సంగతి నాకు చెప్పకుండా మార్కులు వేశాడు. ఇది న్యాయమా అని ఇప్పటికీ అడుగుతాను. కోడలు పాపని తల్లి చేతుల్లో పెట్టింది. పాప ఏడవలేదు, ఆవిడ మెడలో గొలుసు పట్టుకుని ఆడుకుంటోంది. ఆవిడ పాపని ఒక చేత్తో ఎత్తుకునే, రెండో చెయ్యి దగ్గరికి చేర్చి, తల బాగా వంచి నాకు నమస్కారం పెట్టింది. నేను పెట్టలేదు. పాప పాదం ఒకటి ముద్దు పెట్టుకుని, సామాను బండి తోసుకుంటూ లోపలికి నడిచాను.

అమెరికాలో దిగి సామాను తీసుకుంటుంటే, ఆకుపచ్చ జాకెట్టు వేసిన చిన్న కుక్క ఒకటి, తనిఖీ అధికారి అమ్మాయి ఒకామె వెంట తిరుగుతూ వచ్చి నా హ్యాండ్‌బ్యాగు పక్కన చక్కగా కూర్చుంది. లోపల పళ్లు, మొక్కలు, పూలు ఏమన్నా ఉన్నాయా మేడమ్ అని ఆ అమ్మాయి అడిగింది. మా అమ్మ దగ్గర ఏమీ లేవు అన్నాడు మా అబ్బాయి. నేను జిప్పు తీశాను. రెండు దండలూ గోధుమరంగుకి తిరిగాయి, రిబ్బను మాత్రం కొత్తగా ఉంది. వాసన ఇంకా వస్తోంది. ఇవి దేవుడి పూలమ్మా అన్నాను ఇంగ్లీషులో. ఆ అమ్మాయి మర్యాదగానే సారీ చెప్పి, ఇవి దేశంలోకి రానివ్వరని చెప్పి, చెత్తబుట్ట మూత తెరిచి పట్టుకుంది.

నా చేత్తోనే వేశాను. కోడలు పక్కన నిలబడి చూసింది, మా ఇంట్లో ఆ రోజు నిలబడినట్టే. నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి పూల కోసమే ఏడుస్తున్నాననుకుని ఇంకోసారి సారీ చెప్పింది. ఎవరికీ చెప్పని మాటని ఆ పిల్ల ఎంత తేలిగ్గా రెండుసార్లు చెప్పిందో.

ఫీనిక్స్‌లో బయటికి వచ్చేసరికి మా ఆయన కారు తెచ్చారు. ఆయనకి నేను ఫోన్ చేయలేదు, అబ్బాయీ చేసినట్టు లేడు. వెనక సీటు మధ్యలో పాప కోసం కొత్త చైల్డ్ సీటు కొని, బెల్టులు లాగి లాగి బిగించి, దాని మీద గుడ్డ బాతుబొమ్మ కూడా పెట్టుకుని వచ్చారు. దిగి మా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని చూశారు.

"బుజ్జితల్లి ఏదే?" అన్నారు.

"వాళ్ల అమ్మమ్మ దగ్గర" అన్నాను.

ఆయన డిక్కీ తెరిచి సామాను సర్దారు. డిక్కీ నిండింది, ఒక సూట్‌కేసుకి చోటు చాల్లేదు. చైల్డ్ సీటు తీసేస్తే సరిపోతుందని ఆయన బెల్టు విప్పబోయారు. తీయొద్దన్నాను. దాని పక్కనే కూర్చుని, ఆ సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని చాండ్లర్ దాకా వచ్చాను.